కిందితొట్టి అతుకు

1944 సెప్టెంబరు 14, గురువారం

రేడియేటరుకు పోసిన నీళ్ళు పదకొండు చెంబులు. పోయిన వారం ఇదే దూరానికి నాలుగే.

సావుకారు కారు దొడ్డబళ్ళాపురం పోయి వచ్చేలోపల మూడుసార్లు మరిగిందంట. సాయంత్రం షెడ్డులోకి వచ్చినప్పుడు కూడా బండి ముక్కులోంచి ఆవిరి పోతా ఉంది. చల్లారేదాకా కూర్చొని కింది కుళాయి తిప్పినాను. నీళ్ళు రాలేదు. తీగ పెట్టి పొడిస్తే వచ్చింది. వచ్చింది నీళ్ళు కాదు, గంజి. తుప్పు రంగు గంజి, మూడు దినాలు పులిసిన సంగటి వాసన. అందులో రెండు పురుగులు, ఉడికి తెల్లబడినవి.

చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. వాసన పోలేదు.

డ్రైవరు పిల్లప్పను అడిగినాను. దాచలేదు వాడు.

"కారుతా ఉంటే పిడికెడు రాగిపిండి వేస్తి బావా. దావలో నువ్వుంటివా? లారీవాళ్ళంతా అదే వేస్తారు. సంగటి తింటే మనం గట్టిగా నిలబడతాము, బండి నిలబడదా?"

దినమూ వేస్తావా అంటే, "ఏకాదశి నాడు వెయ్యను బావా, ఆ దినం అదీ ఒక్కపొద్దే" అన్నాడు. నవ్వినాడు. పళ్ళమీద వక్క గార.

నా పెండ్లాము అక్కయమ్మ తమ్ముడని ఆరేళ్ళ కింద నేనే సావుకారుకు చెప్పి వానికి స్టీరింగు ఇప్పించినాను. తోలేది వాడు, బాగుచేసేది నేను. బాగుచేసేవాని బాధ తోలేవానికి ఎప్పుడు తెలిసింది? ఇత్తడి గొట్టాల్లో పిండి కుక్కేవాడు మనిషి ఎట్లవుతాడు.

సెప్టెంబరు 15, శుక్రవారం

తొమ్మిది చెంబులు.

పైతొట్టిలో వేలు పెట్టి గీకినాను. గోడంతా గార, దాని మీద పిండి, దాని మీద మళ్ళీ గార. ఆరేళ్ళ పొరలు. ఈ మావళ్ళి బావి నీళ్ళు మరిగిస్తే బిందె అడుగున సున్నం నిలుస్తుంది. అదీ, పిండీ కలిసి గోడ కట్టినాయి.

వెనక తలుపు మీద మళ్ళీ తాంబూలం చార. సావుకారు ఆదినారాయణప్ప కిటికీలోంచి ఉమ్ముతాడు, గాలికి అది తలుపు మీద పడుతుంది. కడిగేది నేను. ఈ బండిలో ఎక్కినవాళ్ళంతా దాంట్లోకి ఏదో ఒకటి ఉమ్మే పోతారు.

సెప్టెంబరు 18, సోమవారం

సావుకారును కొత్త రేడియేటరు అడిగినాను. అడగక ఏమి చెయ్యాల. లోపలి గొట్టాలు సగం మూసుకొని ఉన్నాయని, ఇంజను ఎప్పుడైనా పట్టేస్తుందని చెప్పినాను. ఆయన పడీపడీ నవ్వినాడు.

"జలుబు చేస్తే ఊపిరితిత్తులే మార్చమంటావు సొన్నప్పా. యుద్ధం అయిపోనీ."

విమానాల్లోంచి దూకేవాళ్ళ గాలిగొడుగులకు పట్టునూలు ఇచ్చే సావుకారని సర్కారు పెట్రోలు కూపన్లు ఇస్తుంది. రేడియేటరు ఇవ్వదు. ఈ నెల 28న మిలిటరీ దొర దొడ్డబళ్ళాపురం వచ్చి నూలు చూస్తాడంట. ఉదయం పది గంటలకు. కొత్త ఆర్డరు ఇచ్చేదీ మానేదీ ఆ దినమే. ఆ ఒక్క దినం బండి మరగకూడదు, తరవాత నీ ఇష్టం అన్నాడు.

చాకలి సోడా ఉంటే వేడినీళ్ళతో కడగొచ్చు. పేటంతా తిరిగినాను. సోడా లేదు. ఉన్నదంతా మిలిటరీ లాండ్రీకి.

సెప్టెంబరు 21

పదమూడు చెంబులు. అసహ్యం.

సెప్టెంబరు 25, సోమవారం

ఈ దినం ఒక మంచి ఉపాయం తట్టింది.

రేపు ఆయుధపూజ. సావుకారింటి పెరట్లో ఆడవాళ్ళు దేవుని సామాన్లు తోముతా ఉన్నారు. చింతపండు పెద్ద బానలో నానేసి ఉంది. నల్లగా చిలుము పట్టిన ఇత్తడి బిందె, ఒక్కసారి రుద్దితే బంగారం. అక్కడే నిలబడి చూసినాను. బిందె ఇత్తడే, రేడియేటరూ ఇత్తడే. గార ఎక్కడైనా గారే. పులుపు తగిలితే పిల్లప్ప పిండి కూడా విడిపోతుంది.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నాకు ఏదీ ఎవరూ చెప్పలేదు. అక్షరాలు పొట్లం కాగితాల మీద నేర్చుకున్నాను, ఇంజను బొమ్మల పుస్తకంలో నేర్చుకున్నాను. ఆ పుస్తకంలో ఇంగ్లీషు నాకు రాదు, బొమ్మలు వచ్చు.

ఆడవాళ్ళు లోపలికి పోయినప్పుడు ఒక బిందెడు చింతపండు రసం తీసుకొచ్చి, గుప్పెడు ఉప్పు కలిపి, రేడియేటరులో నిండా పోసినాను. గంటసేపు ఉంచి వదిలేద్దామని. కింది కుళాయి పిడి విరిగి ఏడాదైంది, పానాతోనే తిప్పాలి.

అరగంట కూడా కాలేదు, సావుకారు తల్లి పెద్దామె షెడ్డుకే వచ్చింది. పానాలు, సుత్తి, స్క్రూడ్రైవర్లు అన్నీ ఇప్పుడే ఇచ్చెయ్యమంది. పసుపునీళ్ళతో కడిగి ఈ సాయంత్రమే దేవునింట్లో పెట్టేస్తుందంట, రేపు పొద్దున హడావుడి వద్దంట. ఒక్క పానా ఉంచుకుంటానమ్మా అని నోటిదాకా వచ్చింది. ఎందుకప్పా అంటే చెప్పాలి. దేవుని బిందెలకు నానేసిన చింతపండు బండికి పోసినానని చెప్పాలి.

బుట్ట ఇచ్చేసినాను.

సెప్టెంబరు 26, మంగళవారం

ఆయుధపూజ. ఇనుము ముట్టకూడదు.

బండికి బంతిపూల దండ. రేడియేటరు మూతకు కుంకుమ. పెద్దామె హారతి ఇచ్చింది. అందరూ దండం పెట్టినారు, నేనూ పెట్టినాను. వీధిలో ఎవరి పానాలైనా ఈ దినం దేవుని ముందే. ఉండనీ. చింతపండే కదా. దినమూ తింటాము.

సెప్టెంబరు 27, బుధవారం

పునఃపూజ అయినాక, ఎనిమిది గంటలకు పానాలు చేతికొచ్చినాయి. వెంటనే వదిలినాను. చిక్కటి కషాయం లాగా వచ్చింది, కమురు ఎరుపు. పిండి పెళ్ళలు పెళ్ళలుగా విడిపోయి వచ్చింది. పన్నెండు బిందెల నీళ్ళతో కడిగినాను. పైతొట్టిలోకి టార్చి వేసి చూస్తే లోపల కొత్త చెంబు మెరిసినట్లు మెరుస్తా ఉంది. ఆరేళ్ళ మురికి. ఏ పుస్తకమూ చెప్పని పని.

ఇంజను అరగంట నడిపినాను. మరగలేదు.

కిందితొట్టి అతుకు వెంబడి తడి ఉంది. గుడ్డతో తుడిచినాను. మళ్ళీ తడి. కడిగినప్పటి తడే.

పిల్లప్ప వచ్చి చూసి, బావ బండికి తలంటు పోసినాడే అన్నాడు. దేంతో పోసినావు అని అడిగినాడు. నీళ్ళతో అని చెప్పినాను.

సెప్టెంబరు 28, గురువారం

నేను బండిలో లేను. విన్నది రాస్తా ఉన్నాను.

ఎలహంక దాటేదాకా బాగానే పోయిందంట. రాజానుకుంట దగ్గర ఒక్కసారిగా కింద నుంచి ఆవిరి. పిల్లప్ప వెంటనే ఇంజను ఆపినాడు. దిగి చూస్తే కిందితొట్టి అతుకు బెత్తెడు విచ్చుకొని, నీళ్ళన్నీ రోడ్డు మీద. వాడు పక్కనున్న ఇంటికి పరుగెత్తి రాగిపిండి అడుక్కొచ్చి, ముద్ద చేసి, గుడ్డ చుట్టి ఆ సందులో కుక్కినాడంట. మూత తీసి పైనుంచి కూడా పిండి పోసినాడంట. సావుకారు రోడ్డు పక్కన నిలబడి కళ్ళారా చూసినాడు. మూడుసార్లు నీళ్ళు పోసినారు, మూడుసార్లు పోయినాయి.

సావుకారు ఎద్దులబండిలో పోయి చేరేసరికి ఒంటిగంట. దొర పదిన్నర దాకా చూసి పోయినాడు. ఆర్డరు ఆనేకల్ వాళ్ళకు.

సాయంత్రం బండిని ఒక లారీ వెనక తాడు కట్టి తెచ్చినారు. ముందు భాగమంతా ఎండిన పిండి, చీమిడి కారినట్లు. చూడలేక గోనె కప్పినాను.

సెప్టెంబరు 29, శుక్రవారం

పొద్దున్నే సావుకారు షెడ్డుకు వచ్చినాడు. పిల్లప్పను పిలిపించినాడు. అరవలేదు. ఆయన అరిస్తే బాగుండేది.

"ఈయప్ప పిండి పోసి పోసి రేడియేటరు చంపినాడు. అవునా కాదా సొన్నప్పా? నువ్వు చెప్పు, నీకు తెలుసు ఈ పని."

నేను మూత తీసి, స్క్రూడ్రైవరుతో లోపలి నుంచి పిండి ముద్ద ఒకటి పైకి తీసి చూపించినాను.

"పిండి ఉండాదయ్యా" అన్నాను.

అంతే అన్నాను. అది నిజమే. పిండి ఉంది. అది నిన్న, అతుకు పోయినాక పోసిన పిండి. ఎప్పటి పిండి అని ఎవరూ అడగలేదు. అడిగినదానికి జవాబు చెప్పినాను. ఆరేళ్ళు పిండి వేసింది వాడే కదా. నేను చెప్పకపోయినా సావుకారు తీసేసేవాడే.

రేపటినుంచి రావద్దు అన్నాడు సావుకారు. పిల్లప్ప నా వైపు చూసినాడు. తాళంచెవి మడ్‌గార్డు మీద పెట్టినాడు. వస్తాను బావా అన్నాడు.

స్క్రూడ్రైవరు కొనమీద ఆ ముద్ద ఇంకా ఉంది. విదిలిస్తే పోలేదు. చేత్తో తియ్యాల్సి వచ్చింది.

సెప్టెంబరు 30

అన్నం సహించలేదు. సంగటి, చారు. రెండూ.

అక్టోబరు 2, సోమవారం

ఇంజను బాగానే ఉంది. పిస్టన్లు పట్టెయ్యలేదు, హెడ్డు పగలలేదు. వాడు వెంటనే ఆపినందుకే. ఇంకొక ఫర్లాంగు పోనిచ్చి ఉంటే మొత్తం పోయేది. ఇది ఎవరితోనూ అనలేదు. రాసిపెడతా ఉన్నాను.

రేడియేటరు విప్పి, తోపుడుబండి మీద కలాసిపాళ్యం సత్తార్ సాబు దగ్గరికి తీసుకుపోయినాను. ముప్పై ఏండ్లుగా ఆయన రేడియేటర్లు తప్ప వేరే పని ముట్టలేదు. అతుకును గోటితో గీరినాడు. సీసం పెచ్చులుగా రాలింది. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసినాడు.

"ఇది పిండి పని కాదు భాయ్. పిండి అడ్డం పడతాది, అంతే. తినదు. దీన్ని పులుపు తిన్నాది. చింతపండు. గంట, రెండు గంటలు కాదు, దినం పైన నిలబెట్టినారు. ఎవడా గాడిద?"

తెలీదు సాబ్ అన్నాను.

"తెలిస్తే ఇటు పంపించు. చాయ్ ఇప్పిస్తా. అట్లాటోళ్ళ వల్లనే కదా నా అంగడి నడిచేది."

నేనూ నవ్వినాను. నవ్వినాను అని రాయడానికే ఒళ్ళు జలదరిస్తా ఉంది.

పాత తొట్లు రెండూ పనికొస్తాయంట. నడిమి గొట్టాల కట్ట మాత్రం మార్చాల. పడిపోయిన మిలిటరీ లారీది ఒకటి ఆయన దగ్గర ఉంది, వెడల్పు ఎక్కువ, కోసి అతకాల. నాలుగు దినాల పని.

అక్టోబరు 3, మంగళవారం

అక్కయమ్మ చెప్పింది. దండులో, ఆ మిలిటరీ మకాంలో, లారీలకు డ్రైవర్లను తీసుకుంటా ఉన్నారంట. వచ్చే సోమవారం పరీక్ష, ఆ దినమే వేలిముద్ర. తరవాత అస్సాం. అక్కడినుంచి బర్మా. పిల్లప్ప పేరు రాయించుకున్నాడు. వేరే ఎక్కడా పని దొరకలేదు. సావుకారు తీసేసినవాడు అంటే పేటలో ఎవరూ స్టీరింగు ఇవ్వరు. వాని పెండ్లాము మునిలక్ష్మికి ఇప్పుడు ఆరో నెల.

"నీ మాట ఆయన వింటాడు. ఒక్క మాట చెప్పరాదా. పిండి వేస్తే వేసినాడు, మనిషిని బర్మాకు పంపించే తప్పా అది?"

బండి సిద్ధమైనాక చెప్తానని అన్నాను. బండి నిలబడి ఉండగా పోయి అడిగితే ఆయనకు ఇంకా కోపం వస్తుంది. ముందు పని. పని బాగా చేసి, ఆయన మనసు చల్లబడినప్పుడు అంతా చెప్పొచ్చు. సోమవారానికి ఇంకా ఆరు దినాలు ఉన్నాయి.

ఇది సరైన లెక్కే.

అక్టోబరు 5, గురువారం

సత్తార్ సాబు దగ్గరే ఉన్నాను దినమంతా. గొట్టాల కట్టను రెండు వైపులా కోసినాడు. కొలత తప్పితే మళ్ళీ దొరకదు, అందుకని నేనే మూడుసార్లు కొలిచి గీత గీసినాను. తొట్లను ఇసుకతో రుద్ది, నవాసారం పూసి, కళాయి పెట్టి, తరవాత అతికినాడు. అతికేటప్పుడు ఆయన మాట్లాడడు, ఊపిరి కూడా మెల్లగా తీస్తాడు. అతుకు చల్లారినాక గొట్టాల నోళ్ళు గుడ్డలతో బిగించి, నీళ్ళ తొట్టిలో ముంచి, సైకిలు పంపుతో గాలి కొట్టినాము. బుడగలు వస్తే కారుతున్నట్లు. మూడుచోట్ల వచ్చినాయి. మళ్ళీ అతికినాడు. రెండోసారి ఒకచోట. నాలుగోసారి ఒక్క బుడగ రాలేదు.

చాలాసేపు నీళ్ళలోకే చూస్తా కూర్చున్నాను. ఏదో ఒకచోట బుడగ వస్తుందని. వస్తే బాగుండునని ఎందుకు అనిపించిందో తెలీదు. పని ఇంకొక దినం పొడుగయ్యేది.

పక్క అంగడిలో లారీ డ్రైవరు ఒకడు రేడియేటరులో పసుపు వేసుకోవచ్చా అని అడుగుతా ఉన్నాడు. పో అవతలికి అని అరిచినాను. అందరూ నన్నే చూసినారు.

అక్టోబరు 7, శనివారం

బిగించినాను. కింద పెట్టడానికి రబ్బరు దొరకలేదు, పాత టైరు కోసి పెట్టినాను. రబ్బరు గొట్టాల బదులు సైకిలు ట్యూబు మీద కాన్వాసు గుడ్డ నాలుగు చుట్లు చుట్టి తీగతో కట్టినాను. మావళ్ళి బావి నీళ్ళు వద్దని, లాల్‌బాగు దగ్గర కొళాయి నీళ్ళు మోసుకొచ్చి పోసినాను. నేనే తోలుకొని కె.ఆర్.పురం దాకా పోయి వచ్చినాను. తిరిగొచ్చినాక మూత తీస్తే నీళ్ళు ఎక్కడ ఉన్నవి అక్కడే. అతుకు చుట్టూ వేలు తిప్పినాను. పొడి.

సావుకారు అరుగు మీదే ఉన్నాడు. భేష్ అన్నాడు. చెప్పొచ్చు అప్పుడే.

ఇంకొక దినం నడిపి చూసి చెప్దామని వచ్చేసినాను.

దావలో పిల్లప్ప కనిపించినాడు. వాళ్ళుండే సుంకేనహళ్ళి సందు మొదట్లో, బీడీ తాగుతా. నన్ను చూసి లేచి నిలబడినాడు. ఏదైనా అంటానేమోనని చూస్తా ఉన్నట్లు అనిపించింది. ఎండ ఎక్కువగా ఉంది అన్నాను. అవును బావా అన్నాడు.

అక్టోబరు 8, ఆదివారం

చెప్పినాను.

సాయంత్రం నాలుగు గంటలకు పోయి, అరుగు కింద నిలబడి, అంతా చెప్పినాను. చింతపండు, ఉప్పు, పెద్దామెకు పానాలు ఇచ్చింది, మంగళవారం అంతా ఉండిపోయింది, బుధవారం అతుకు దగ్గర తడి చూసింది, నేను చూపించిన పిండి అతుకు పోయినాక పోసిందని తెలిసే చూపించింది. నా జీవితంలో ఒక్క దఫాలో అన్ని మాటలు నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

సావుకారు తాంబూలం నముల్తా విన్నాడు. తరవాత నవ్వినాడు.

"ఆయుధపూజ నాడు ఇనుము ముట్టలేదు నువ్వు. అది భక్తి సొన్నప్పా. దానికి నిన్ను తప్పు పడితే నాకు పాపం చుట్టుకుంటాది. పో, ఊరికే పని చూసుకో."

తిట్టు తినడానికి పోయినవానికి ఆయన దీవెన ఇచ్చినాడు. ఆ దీవెన మీద ఆయన ఎర్రటి ఉమ్ము చుక్క పడి, నేను దాన్ని తుడుచుకోకుండా నిలబడినట్లు ఉంది.

పిల్లప్పను మళ్ళీ తీసుకోండయ్యా అన్నాను. వద్దు అన్నాడు. తీసేసినవాణ్ణి పిలిస్తే పేటలో మర్యాద పోతుందంట. పిండి వేసినమాట అబద్ధం కాదు కదా అన్నాడు. అది నేను ఇన్నాళ్ళూ నాకు చెప్పుకున్న మాటే. ఆయన నోట్లోంచి విన్నప్పుడు దాని వాసన తెలిసింది.

షెడ్డుకు పోయి పానాల బుట్ట తెచ్చి అరుగు మీద పెట్టినాను.

"అయితే ఆ బండి మీద నేనూ చెయ్యి పెట్టనయ్యా."

నమలడం ఆపేసినాడు. ఈ యుద్ధకాలంలో ఈ పాత బండిని నడిపించేవాడు ఇంకొకడు దొరకడని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. పదిదినాలుగా తెలుసు. కాసేపు బుట్టను చూసినాడు, నన్ను చూసినాడు.

"పిలుచుకొని రాపో" అన్నాడు.

అంతే. ఇంత తేలిక.

నేరుగా సుంకేనహళ్ళి పోయినాను. ఇంట్లో మునిలక్ష్మి ఒక్కతే ఉంది. "పొద్దున్నే పరీక్ష అన్నా, ఈ పూటే వచ్చి దండులో పడుకోమన్నారంట. మధ్యాన్నమే పోయినాడు" అంది. ఏమి పని అన్నా అని అడిగింది. ఊరికే వచ్చినానమ్మా అన్నాను.

అక్కడినుంచే దండుకు పోయినాను. లోపలికి వదల్లేదు. రేపు రమ్మన్నారు.

అక్టోబరు 9, సోమవారం

ఆరు గంటలకే దండు గేటు దగ్గర ఉన్నాను. కావలివానికి చెప్పినాను, పిల్లప్ప అనే డ్రైవరును పిలవమని. వాడు పట్టించుకోలేదు. లోపల మైదానంలో లారీలు వెనక్కీ ముందుకీ పోతా ఉన్నాయి. ఏ లారీలో వాడున్నాడో తెలీదు. పదకొండు దాకా నిలబడినాను.

వాడే వచ్చినాడు కంచె దగ్గరికి. తల గొరిగించేసినారు. గుర్తుపట్టలేకపోయినాను ఒక నిమిషం. కుడి బొటనవేలికి నల్లటి సిరా.

"సావుకారు రమ్మంటా ఉండాడు. మళ్ళీ స్టీరింగు ఇస్తాడు" అన్నాను.

"వేలు పెట్టేస్తి బావా."

"చెప్పి విడిపించుకోవచ్చేమో."

"రేపు రైలు. ఇది పట్టునూలు అంగడి కాదు, వద్దంటే ఊరుకునేదానికి."

అప్పుడు చెప్పినాను. రేడియేటరు పోయింది నీవల్ల కాదు, చింతపండు నేను పోసినాను అని. కంచె తీగ పట్టుకొని చెప్పినాను. వాడు తల ఊపినాడు.

"తెలుసు."

కంచె తీగ వదిలేసినాను.

"రాజానుకుంట దగ్గర మూత తీస్తే చారు వాసన వచ్చె. మా అక్క కాచే చారు మాదిరే. ఆరేండ్లు పిండి వేసినోన్ని, ఉడికిన పిండి వాసన నాకు తెలీదా? ఆవిరి మొగానికి కొట్టినప్పుడే అనుకుంటి, మా బావ ఏదో వైద్యం చేసినాడని."

"మరి సావుకారు ముందర ఎందుకు చెప్పకపోతివి?"

"నువ్వు చెప్తావని చూస్తి."

అటు లారీల వైపు చూసి మళ్ళీ నా వైపు చూసినాడు.

"పిండి తీసి చూపిస్తివే, అప్పుడు చూస్తి. ఇప్పుడు చెప్తాడు, కొంచెం ఆగి చెప్తాడు అని. మరుసటి దినమూ చూస్తి. మొన్న సందు దగ్గర చూస్తి. నువ్వు ఎండ గురించి చెప్పి పోతివి."

లోపలినుంచి ఎవరో కేక వేసినారు. వాడు పోతా, అలవాటు చొప్పున నవ్వినాడు. "ఈ బండ్లకు అన్నీ కొత్త రేడియేటర్లంట బావా. నాకు ఇంక పిండి పని లేదు."

అక్టోబరు 10

దండు స్టేషన్లో రెండు గంటలకు రైలు. పోలేదు. పోవడానికి మొహం చెల్లలేదని రాయబోయినాను. అది బాగా వినిపించే మాట. భయమేసింది, అందుకు పోలేదు. మునిలక్ష్మి అక్కడ ఉంటుంది కదా.

అక్కయమ్మ ఒక్కతే పోయి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. నాకు అన్నం పెట్టింది. తిన్నాను.

అక్టోబరు 11, బుధవారం

పొద్దున అక్కయమ్మకు చెప్పినాను. చేటలో బియ్యం ఏరతా ఉంది. నేను చెప్పినంతసేపూ ఏరతానే ఉంది. అయిపోయినాక చేట పక్కన పెట్టింది.

"మునిలక్ష్మికి చెప్తివా?"

"లేదు."

"పో."

ఇరవై ఏండ్ల కాపురంలో ఆమె నన్ను ఒంటి మాటతో పంపించడం ఇదే మొదటిసారి.

పోయినాను. మునిలక్ష్మి గడప లోపల కూర్చొని పాత చీర చింపి పసిబిడ్డ గుడ్డలు కుడతా ఉంది. నన్ను లోపలికి రమ్మంది. పోలేదు నేను. గడప బయటే నిలబడి చెప్పినాను. సావుకారుకు చెప్పినట్లు పొడుగ్గా రాలేదు. రేడియేటరు చెడగొట్టింది నేను, పిల్లప్ప కాదు, నేను నోరు మూసుకొని ఉండబట్టే వాడు పోయినాడు అని చెప్పినాను.

సూది ఆగింది.

"ఆయనకు తెలుసునా ఇది?" అని అడిగింది.

"తెలుసు. మొదటి దినం నుంచీ తెలుసంట."

"తెలిసీ నాకు చెప్పకుండా పోయినాడా?"

అవునన్నాను. ఆమె నన్ను తిడుతుందని చూసినాను. నన్ను చూడనే లేదు. ఒడిలో గుడ్డను రెండు చేతులతో ఒత్తుకుంటా నేలనే చూసింది.

"మీ బావాబామ్మర్దులు ఇద్దరూ ఒకరి నోరు ఒకరు చూస్తా కూచుంటిరి" అంది. "నడుమ నా బిడ్డను పెట్టి."

లేచి తలుపు వేసింది. గట్టిగా వెయ్యలేదు. సాయంత్రం వేసుకున్నట్లు, మెల్లగా, గడియ కూడా పెట్టుకుంది.

పెరటి వైపు పోయి చూసినాను. కట్టెలు నాలుగే ఉన్నాయి. అవీ పచ్చివి.

రేపు ఆ ఇంటికి ఎండుకట్టెలు కొట్టి వేసి రావాల. ఎల్లుండి నీళ్ళు. ఆమె తలుపు తీసినా, తియ్యకపోయినా.